అమ్మ పీకిన ఊద, నేను కొన్న ఊదలు

అమ్మకి షుగరు వచ్చి పదకొండేళ్ళయింది. రెండేళ్ళ కిందట రక్తంలో చక్కెర మూడు నెలల సగటు కాస్త పైకి పోయేసరికి డాక్టరుగారు రాత్రిపూట అన్నం మానేసి చిరుధాన్యాలు ఏవైనా వండుకోమన్నారు. కొర్రలు వండితే వేడి చేసిందంది. అరికలు వండితే ఏదో వాసనంది. సరేనని సూపర్ మార్కెట్లో అరకిలో ఊదల ప్యాకెట్ తెచ్చాను. తెల్లగా, చిన్నగా, నూకల్లా ఉన్నాయి. అల్లం, పచ్చిమిర్చి వేసి ఉప్మా చేసి పెట్టాను.

రెండు చెంచాలు తిని, "బానే ఉందే. ఏం రవ్వ ఇది?" అంది.

"రవ్వ కాదమ్మా, ఊదలు."

చెంచా ఆగిపోయింది. "ఊదా? మన పొలంలో ఊదా?"

"అదే అనుకో. దాని చుట్టం."

"నలభై ఏళ్ళు వంగి వంగి పీకానే దాన్ని. నా నడుం పోయిందే దానివల్ల. ఇప్పుడు డబ్బులిచ్చి కొనుక్కొచ్చి నాకే పెడతన్నావా?"

ప్లేటు పక్కకి జరిపి మజ్జిగ తాగి పడుకుంది. నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి వర్గీకరణ పాఠం చెబుతూ, ప్రజాతి, జాతి అంటూ బోర్డు మీద గీతలు గీసిన మనిషిని. ఆ రాత్రి అమ్మ అడిగిన ప్రశ్నకి మాత్రం సరైన జవాబు నా దగ్గర లేదు. పొలంలో ఊదా, ప్యాకెట్లో ఊదా ఒకటేనా? ఒకటే అయితే ఒకదాన్ని పీకి పారేసి ఇంకోదాన్ని కిలో నూటయాభైకి ఎందుకు కొంటున్నాం?

మాది బాపట్ల వైపు, కాలువ కింద మాగాణి. ఊళ్ళో పొలమంతా వరే. నాట్లు పడ్డ మూడు వారాలకి కలుపు మొదలు. అమ్మ మా పొలంలోనూ తీసేది, బదులు కింద పక్కవాళ్ళ పొలాల్లోనూ తీసేది. ఆడవాళ్ళు వరసగా నిలబడి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, మోకాళ్ళ దాకా బురదలో వెనక్కీ ముందుకీ కదులుతూ పోతుంటే గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. పీకిన తుంగని ఉండలా చుట్టి కాలికింద బురదలో తొక్కేసేవాళ్ళు. ఊదని మాత్రం తొక్కేవాళ్ళు కాదు. పిడికిలి పిడికిలిగా గట్టు మీదికి విసిరి, సాయంత్రం మోపు కట్టుకుని గేదెకి వేసేవాళ్ళు. పాలు చిక్కగా వస్తాయని. ఊద మీద అమ్మకున్న గౌరవం అంతవరకే.

మెట్ట ఊళ్ళలో జొన్న, సజ్జ, వరిగ తినేవాళ్ళని మా డెల్టావాళ్ళు కాస్త చిన్నచూపు చూసేవాళ్ళు, ఒప్పుకోవాలి. చుట్టాలింటికి వెళ్ళొచ్చి "వాళ్ళు సంకటి పెట్టారు" అని చెప్పుకునేవాళ్ళు, అదేదో అవమానం జరిగినట్టు. అందుకే అమ్మకి ఊద ఉప్మా అంటే గడ్డి తినమన్నట్టే. ఆమె కోపంలో తప్పేమీ లేదు.

కానీ నాకు పట్టుదల వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెంచి చూద్దామనుకున్నాను.

మొదటి ప్రయత్నం నా తెలివితక్కువతనం. ప్యాకెట్లో ఊదలనే గుప్పెడు తీసి టబ్బులో చల్లాను. నాలుగు రోజులు, ఎనిమిది రోజులు, ఏమీ లేదు. పదో రోజుకి పుల్లటి వాసన, చీమలు. అమ్మ బాల్కనీలో కుర్చీ వేసుకుని నవ్వుతోంది. "బియ్యం చల్లితే వరి మొలుస్తదా? పొట్టు తీసేశాక ఇంకేం మొలుస్తదే? టీచరమ్మవంట." నిజమే, అన్నం వండుకునే దేన్నైనా నాటితే మొలవదని మా ఊరి నాలుగేళ్ళ పిల్లాడికి కూడా తెలుసు. మరలో పొట్టుతో పాటు మొలక భాగం కూడా పోతుంది. పట్నంలో పాతికేళ్ళు ఉంటే ఇలాంటివే మరిచిపోతాం.

తర్వాత ఒక ఆదివారం సేంద్రియ సంతకి వచ్చిన రైతు దగ్గర పొట్టుతో ఉన్న ఊదలు పావుకిలో దొరికాయి. అడవి ఊద, అంటే మా పొలంలో కలుపుగా మొలిచేది, దాని కోసం తమ్ముడికి ఫోన్ చేశాను. కార్తీక మాసంలో గట్ల వెంట పండిన వెన్నులు కోసి ఉంచమన్నాను. "అక్కా, ఊళ్ళో వాళ్ళు నన్ను చూసి నవ్వుతారు. గడ్డి విత్తనాలు పోగేసి గుంటూరు పంపిస్తున్నానని తెలిస్తే పరువు పోద్ది" అన్నాడు. పంపించాడు మాత్రం. కవరు తెరిస్తే వెన్నులు వెన్నుల్లా లేవు, ఉత్త ఈనెలే. గింజలన్నీ అడుగున రాలి ఉన్నాయి. ఆ కవరు చూసినప్పుడే నాకు సగం పాఠం అర్థమవ్వాల్సింది.

జూన్ రెండో వారంలో రెండు టబ్బులు సిద్ధం చేశాను. ఒక్కోదాంట్లో ఇరవై గింజలు, స్కేలు పెట్టి వరసలు గీసి. ఎడమ టబ్బు అడవిది. దాని శాస్త్రీయ నామం ఎకినోక్లోవా కొలోనా. కుడి టబ్బు సాగు ఊద, ఎకినోక్లోవా ఫ్రుమెంటేసియా. ఎకినోక్లోవా అంటే గ్రీకులో ముళ్ళపంది గడ్డి అని అర్థం. ఆ పోలిక ఈ రెంటి కంటే మూడో చుట్టానికి బాగా నప్పుతుంది. వరి మళ్ళలో నిలవనీటిలో ఎత్తుగా పెరిగి, వెన్నుకి పొడుగాటి మీసాలు ఉండే ఊద ఒకటుంది చూశారా, అది ఎకినోక్లోవా క్రస్‌గల్లి. అమ్మ దాన్ని మీసాల ఊద అంటుంది. లాటిన్లో క్రస్‌గల్లి అంటే కోడికాలు. కాలు అన్నా మీసం అన్నా, పేరు పెట్టినవాళ్ళు ఆ మొక్కని దగ్గరగా చూసినవాళ్ళే.

ఫ్రుమెంటేసియా అన్న మాటకి ధాన్యానికి సంబంధించింది అని అర్థం. ఆ మాట పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. 1793లో కలకత్తా తోటకి వెళ్ళక ముందు చాలా ఏళ్ళు మన సామర్లకోటలో తోట పెంచుకుంటూ, ఉత్తర సర్కారుల మొక్కలన్నిటినీ బొమ్మలు గీయించి రాసుకున్న స్కాట్లండ్ డాక్టరు. ఈ పేరున్న ఆయన పుస్తకం ఆయన చనిపోయాక 1820లో అచ్చయింది. గోదావరి జిల్లా ఎండలో కూర్చుని ఇది గడ్డి కాదు, ధాన్యం అని పేరులోనే రాసిన మనిషి ఉన్నాడని అమ్మకి చెబితే, "ఆయన కలుపు తీశాడా ఎప్పుడన్నా?" అంది.

కుడి టబ్బులో అయిదో రోజుకి పద్దెనిమిది మొలకలు. అన్నీ ఒకే ఎత్తు, పెరేడ్‌లో పిల్లల్లాగా. ఎడమ టబ్బులో అయిదో రోజుకి రెండు. వారానికి నాలుగు. ఆ తర్వాత ఒక వాన పడ్డాక ఇంకో మూడు. మొత్తం ఏడు. మిగతా పదమూడు చచ్చాయనుకున్నాను. చావలేదని తర్వాత తెలిసింది, దాని సంగతి చివర్లో చెబుతాను. అడవి గింజకి నిద్ర ఉంటుంది. అన్నీ ఒకేసారి మొలిస్తే ఒక్క ఎండకో, ఒక్క దున్నకానికో అన్నీ పోతాయి. అందుకని కొన్ని ఇప్పుడు, కొన్ని తర్వాత, కొన్ని వచ్చే ఏడాది. రైతుకి అలాంటి విత్తనం పనికిరాదు. వేసింది వేసినట్టు మొలవాలి. ఏడాదికేడాది ముందు మొలిచి, కోతకి అందిన మొక్కల గింజలనే మళ్ళీ చల్లుకుంటూ పోతే నిద్రపోయే లక్షణం దానంతటదే తగ్గిపోతుంది.

ఇక బోసి మెడ సంగతి.

మొలకలు జానెడు ఎత్తు అయ్యాక అమ్మని డాబా మీదికి తీసుకెళ్ళాను. మోకాళ్ళ నొప్పులు, మెట్టుకి ఒకసారి ఆగుతూ ఎక్కింది. చిన్నప్పటి నుంచి నాకొక అనుమానం ఉండేది. నాటిన మూడు వారాల వరి, అదే వయసు ఊద, నా కంటికి రెండూ ఒకటే. మరి అమ్మ వాళ్ళు చూడకుండా కూడా, కబుర్లు చెప్పుకుంటూ, చేత్తో తడిమి ఎలా పీకేవాళ్ళు? అడిగాను. ఎడమ టబ్బులోంచి ఒక పిలక పట్టుకుని, ఆకు కాండాన్ని వదిలి పక్కకి వంగే చోట బొటనవేలు పెట్టి నా వైపు తిప్పింది.

"వరికి ఇక్కడ గొలుసు ఉంటదే. తెల్లటి పొర, రెండు పక్కలా నూగు నూగుగా చెవులు. గోరు పెడితే తగులుద్ది. ఊదకి ఏమీ ఉండదు. బోసి మెడ."

నేను కాలేజీలో చదివిన పాఠం ఇదే. ఆకు తొడుగూ పత్రదళమూ కలిసేచోట ఉండే పొరని లిగ్యూల్ అంటారు. వరికి అది పొడుగ్గా ఉంటుంది. ఎకినోక్లోవాల్లో ఈ మూడింటికీ అసలు ఉండదు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. అమ్మకి దానికి పేరు అక్కర్లేకపోయింది.

"మరి ఇదో?" అని కుడి టబ్బు చూపించాను. వంగి, ఒక్కొక్క మొక్క మెడ తడిమింది. మూడు నాలుగు చూశాక నిలబడి, "ఇదీ బోసి మెడే" అంది. గొంతులో ఆశ్చర్యం ఉంది. ఆ రోజు నుంచి సాయంత్రాలు నీళ్ళు పోసే పని తనే తీసుకుంది. రెండు టబ్బులకీ.

నెల తిరిగేసరికి తేడాలు బయటపడ్డాయి. అడవి ఊద ముందు నేల మీద నాలుగు వైపులా కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది, ఆ తర్వాత లేస్తుంది. కణుపులు మట్టికి తగిలితే అక్కడే వేర్లు. సన్నటి ఆకులు, కొన్నిటి మీద అడ్డంగా వంకాయరంగు పట్టీలు. మొదళ్ళు ఎర్రగా, పారాణి పెట్టుకున్నట్టు. ఊదారంగు పట్టీలున్నాయి కాబట్టి ఊద అన్నారేమో అని చుట్టరికం కలపబోతే అమ్మ నన్ను పట్టించుకోలేదు. సాగు ఊద మాత్రం నిటారుగా లేచింది. కాడ నా చిటికెన వేలంత లావు, ఆకు వెడల్పు, రంగు లేత పచ్చ. నడుమెత్తు పెరిగింది. అడవిది నా మోకాలు దాటలేదు.

ముప్పై మూడో రోజుకే అడవిది ఈనింది. కుడి టబ్బులో మొదటి వెన్ను కనపడేసరికి యాభై రోజులు దాటాయి. అంటే సాగు ఊద పొట్ట మీదికి వచ్చేలోపు అడవిది పిల్లల్ని కని పంపేస్తుంది.

వెన్నులు చూస్తే మాత్రం ఎవరైనా రెంటినీ గుర్తుపడతారు. అడవిదానికి సన్నటి కాడ, దాని మీద ఎనిమిదో పదో చిన్న చిన్న కొమ్మలు, నిచ్చెన మెట్లలాగా ఎడం ఎడంగా. ఒక్కో కొమ్మ వేలి కణుపంత. గింజలు నాలుగు వరసల్లో సర్దినట్టు ఉంటాయి, మీసం లేదు. సాగు ఊదలో అవే కొమ్మలు, కానీ లావెక్కి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, పండేకొద్దీ లోపలికి ముడుచుకుంటాయి. బిగించిన పిడికిలిలాగా. గింజ పొడవులో పెద్ద తేడా లేదు, పొట్టలో ఉంది. తమిళులు దీన్ని కుదిరైవాలి, అంటే గుర్రపు తోక అంటారట. నాకైతే ముంగిస తోక గుర్తొచ్చింది.

నలభై ఎనిమిదో రోజు ఎడమ టబ్బు దగ్గర న్యూస్‌పేపర్ పరిచి, పండిందనిపించిన వెన్నుని వేలితో ఒక్కసారి మీటాను. టపటపమని రాలాయి. వెన్ను పైసగం బోడి అయిపోయింది, కిందిసగం ఇంకా పచ్చగానే ఉంది. పైది పండితే రాలిపోతుంది, కిందిది పండేదాకా ఆగితే పైది ఉండదు. కొడవలితో కోసి కుప్ప వేద్దామంటే కుదరని గడ్డి. గింజకీ కాడకీ మధ్య, పండగానే విడిపోయే కణాల పొర ఒకటుంటుంది. అడవి మొక్కకి ఆ పొర లేకపోతే వంశం నిలవదు. సాగు మొక్కకి అది ఉంటే రైతు నిలవడు.

కుడి టబ్బువి సెప్టెంబరులో పండాయి. ఒక వెన్ను కోసి, తలకిందులు చేసి, దులిపి, కుర్చీ చేతికేసి కొట్టాను. రెండు గింజలు రాలాయి. మిగతావి అరచేతుల మధ్య పెట్టి నలిపితే గానీ రాలేదు.

ఈ రెండు గడ్డుల మధ్య ఉన్న అసలు దూరం ఇదేనని నా నమ్మకం. మిగతావన్నీ దీని వెనకాల వచ్చినవే. జపాన్ శాస్త్రవేత్త యాబునో 1960లలో వీటిని సంకరం చేసి చూశాడు. కొలోనాకీ ఫ్రుమెంటేసియాకీ ఒక్కోదానికి 54 క్రోమోజోములు, రెండూ కలిస్తే పుట్టే మొక్కలకి గింజ కడుతుంది. జపాన్‌లో తినే ఊద వేరే. దాని పేరు హియే, అది మీసాల ఊద నుంచి వచ్చింది. ఆ రెండూ కలిసినా సంతానం బాగానే ఉంటుంది. మన జంటలో ఒకదాన్నీ వాళ్ళ జంటలో ఒకదాన్నీ కలిపితే మాత్రం పుట్టే మొక్క గొడ్డు. అంటే కిరాణా కొట్లో ఒకే పేరుతో అమ్మగలిగిన రెండు ఊదల మధ్య కంటే, నా ప్యాకెట్లో ఊదకీ అమ్మ పీకిన ఊదకీ మధ్య చుట్టరికం దగ్గర. 1983లో డివెట్ అనే శాస్త్రవేత్త, మన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ వాళ్ళతో కలిసి సాగు ఊదల్ని నాలుగు తెగలుగా విడదీశాడు. అవన్నీ కొలోనా నుంచి వచ్చినవే అన్నది వాళ్ళ మాట కూడా. పిల్లలకి నేను చెప్పే నిర్వచనం ప్రకారం, కలిసి సంతానం కని, ఆ సంతానానికి మళ్ళీ సంతానం కలిగితే అవి ఒకే జాతి. ఆ లెక్కన ఇవి రెండు జాతులని బోర్డు మీద రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు. పుస్తకాల్లో రెండు పేర్లూ ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

అమ్మ ఇదంతా విని ఒక మాట అడిగింది. "అయితే ఎవరూ పీకకుండా వదిలేస్తే మా ఊదే ఇట్టా అవుద్దా?"

కాదు. వదిలేస్తే అది అలాగే ఉంటుంది. ఎవరో ఒకప్పుడు దాన్ని కోసుకున్నారు. రాలిపోయేవి రాలిపోగా, కాడకి అంటుకున్నవే బుట్టలోకి వచ్చాయి, వాటినే మళ్ళీ చల్లారు. కొడవలి ఎంచుకున్న గడ్డి అది. అమ్మ చెయ్యి కూడా ఎంచుకుంది, ఇంకో దారిలో. ఎర్ర మొదలు ఉన్నవీ, నేల మీద పరుచుకునేవీ ముందు దొరికిపోతాయి. వరిలాగా నిలబడి, వరి రంగులో ఉండి, చేతికి చిక్కకుండా పోయినవే గింజ రాల్చుకుంటాయి. మీసాల ఊదలో ఇది నిజంగా జరిగిందని చైనా శాస్త్రవేత్తలు 2019లో జన్యువులు చదివి చూపించారు. యాంగ్‌జీ నది వైపు వరి మళ్ళలో వరి వేషం వేసుకున్న ఊద తయారై సుమారు వెయ్యేళ్ళయిందని వాళ్ళ లెక్క. వేషం నేర్పింది కలుపు తీసినవాళ్ళ కళ్ళే. ఇలాంటి వేషాలని రష్యా శాస్త్రవేత్త వావిలోవ్ పేరుతోనే పిలుస్తారు. పంటల పుట్టుక వెతుక్కుంటూ దేశాలు తిరిగి, చివరికి 1943లో జైల్లో ప్రాణం వదిలాడు.

అమ్మకి వావిలోవ్ కంటే యాంగ్‌జీ ఆడవాళ్ళ మీద ఆసక్తి కలిగింది. "వాళ్ళకీ నడుం నొప్పులేనేమో" అంది.

ఇప్పుడు మా తమ్ముడి పొలంలో నడుం వంచేవాళ్ళు తక్కువ. కూలీలు దొరకరు, దొరికినా కూలి గిట్టదు. నాట్లు కూడా మానేసి వెద చల్లుతున్నాడు. వెద పొలంలో వరీ ఊదా ఒకే రోజు మొలుస్తాయి. నాటు వేసినప్పుడు వరికి ఉన్న మూడు నాలుగు వారాల వయసు లాభం పోతుంది. పైగా ఊదది ఎండని బాగా వాడుకునే జాతి, మొక్కజొన్న లాగా. మిట్టమధ్యాహ్నం వరి నీరసపడే వేడిలో కూడా అది పని చేసుకుంటూనే ఉంటుంది. అందుకని గడ్డి మందే గతి. రెండేళ్ళుగా అదే మందు కొడుతున్నా కొన్ని మొక్కలు చావడం లేదని తమ్ముడి గోల. మందులకి లొంగకపోవడం దీనికి కొత్త కాదు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందుకి లొంగని కొలోనా ఆస్ట్రేలియాలో 2007లోనే బయటపడింది. చేతినీ కళ్ళనీ మోసం చేసిన గడ్డికి మందుని మోసం చేయడం ఒక లెక్కా? కోత అయ్యాక మాగాణి మినుము చల్లితే అందులోనూ ముందు ఇదే మొలుస్తుంది.

కింది పోర్షన్లో ఒక గుజరాతీ కుటుంబం ఉంటుంది. డాబా మీద బట్టలు ఆరేయడానికి వచ్చిన ఆవిడ కుడి టబ్బు చూసి "అరే, సామో!" అంది. వాళ్ళు ఉపవాసాలకి తినేది ఇదేనట. హిందీవాళ్ళ ప్యాకెట్ మీద సామా బియ్యం అని ఉంటుంది, అదీ ఊదలే. మన సామలు వేరే ధాన్యం, ప్రజాతే వేరు. ఒకసారి నేను సామలనుకుని ఆ ప్యాకెట్ కొని, ఇంటికొచ్చాక మోసపోయానని కొట్టువాడితో గొడవ పెట్టుకున్నాను. వాడి తప్పేమీ లేదు. సంస్కృతంలో శ్యామాకం అనే ఒక్క మాటని ఉత్తరాదివాళ్ళు ఒక గింజకీ, మనం ఇంకో గింజకీ అంటించుకున్నాం. శకుంతల జింకపిల్లకి గుప్పిళ్ళతో తినిపించి పెంచింది కూడా శ్యామాకమే.

ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. వినాయక చవితి మర్నాడు ఋషిపంచమి కదా, వాళ్ళు దాన్ని సామా పాంచమ్ అంటారట. ఆ రోజు నాగలితో దున్ని పండించినదేదీ తినకూడదు, దానంతటది మొలిచింది తినాలి. అందుకని సామో తింటారు. మీరు తినేది దున్ని పండించిందే, ప్యాకెట్ వెనకాల చూడండి అందామనుకున్నాను. మరి ఆ నియమానికి సరిపోయే అసలైన సామో ఎడమ టబ్బులో ఉంది. చూపించాను. ఆవిడ ఆ సన్నటి వెన్నుని చూసి, మర్యాదగా నవ్వి, "ఇది గడ్డి కదా" అంది.

పంట సంగతి చెప్పాలిగా. పద్దెనిమిది మొక్కలకి టీ గ్లాసు నిండా గింజలు వచ్చాయి. పొట్టు తీయడం ఇంకో నరకం. గింజ చుట్టూ గాజులా మెరిసే గట్టి తొడుగు. రోలు లేదు, మిక్సీలో ఒక్కో సెకను తిప్పి ఆపి, చేటలో చెరిగి, మళ్ళీ తిప్పి. సగం నూకయింది, పావువంతు చేటలోంచి గాలికి పోయింది. మిగిలింది మూడు గుప్పిళ్ళు. అమ్మ చెరుగుతుంటే చూడాలి. డెబ్బై నాలుగేళ్ళ చేతులు, మణికట్టు ఒక్క విసురుకి పొట్టు అటూ గింజ ఇటూ. నేను చెరిగితే రెండూ నేలపాలు.

ఆ మూడు గుప్పిళ్ళూ పెరుగన్నంలా కలిపి, ఆవాలు, కరివేపాకు పోపు పెట్టాను. ఈసారి ప్లేటు జరపలేదు. "మనం పెంచింది కాబట్టి తింటన్నా" అంది. ఇప్పుడు వారంలో నాలుగు రాత్రులు అవే తింటోంది. కొన్నవే. కిలో ధర చెబితే తిడుతుందని సగం చేసి చెబుతున్నాను.

ఇక ఎడమ టబ్బు పాపం. నేను పేపరు పరిచి పట్టుకున్నవి కొన్నే. మిగతావి గాలికీ, పిచ్చుకలకీ, నా చీర చెంగుకీ అంటుకుని ఎక్కడెక్కడికి పోయాయో. ఈ జూన్‌లో తొలకరి పడగానే కొత్తిమీర కుండీలో, మల్లెపాదులో, కూలర్ కింద సిమెంటు పగుల్లో, ఒక్కటొక్కటిగా లేచాయి. పాత టబ్బులో నిరుడు మొలవని పదమూడులో అయిదు ఇప్పుడు తీరిగ్గా మొలిచాయి. గుజరాతీ ఆవిడ గులాబీ కుండీలో కూడా ఒకటి వచ్చింది. ఇంకా చెప్పలేదు ఆవిడకి. అమ్మ పొద్దున్నే స్టూలు వేసుకుని కూర్చుని కలుపు తీస్తోంది. వంగక్కర్లేని కలుపు, పైగా నీడలో. డాక్టరుగారు చెప్పిన వ్యాయామం కంటే ఇదే నయమంటుంది.

తులసికోటలో మాత్రం ఒకటి మొలిచింది. దాన్ని నేను పీకబోతే చెయ్యి పట్టుకుంది. మొదలు ఎర్రగా ఉంది కాబట్టి అడవిదే అని నా వాదన. కాడ లావుగా ఉంది, ఆకు వెడల్పుంది, పట్టీల్లేవు, కుడి టబ్బుదని ఆమె వాదన. రెండూ కలిసి పుట్టిందేమో అనుకుందామంటే, అవి ఒకేసారి ఈనలేదుగా, ఈనిన రోజులే వేరు అని నేను. చివరి పిలకలు ఆలస్యంగా ఈనాయి, నువ్వు బడికి పోయినప్పుడు నేను చూశానుగా అని ఆమె. మెడ చూస్తే తేలదు, ఇద్దరిదీ బోసి మెడే.

"ఈనినాక తెలుద్ది, ఆగు" అంది.

నిన్న పొద్దున నీళ్ళు పోస్తూ పిలిచింది. పొట్ట మీద ఉంది.